ట్రాక్టరు రాకముందే: తోపుడు బండి వాళ్లం మన పేరు లెక్కలోకి ఎక్కించుకునే పద్ధతి

నేను 19 ఏళ్లుగా ఇడ్లీ బండి నడుపుతున్నాను. మాది కోస్తాలో ఒక మున్సిపాలిటీ. పాత బస్టాండు నుంచి రైతుబజారుకు వెళ్లే రోడ్డులో వేపచెట్టు పక్కన నా బండి. తెల్లవారుజామున ఐదున్నరకు పొయ్యి వెలిగిస్తే పదిన్నరకల్లా పిండి అయిపోతుంది. చెట్టు కింద కడిగి, చెత్త మూట కట్టి, బండి ఇంటికి తోసుకుపోతాను.

ఆరేళ్ల కిందట ఆ రోడ్డు వెడల్పు చేశారు. డ్రైను కట్టారు, డివైడరు పెట్టారు, లైట్లు వేశారు. ఊరు పెరిగింది, రోడ్డు పెరగాల్సిందే, దానికి నేనేమీ అనను. కానీ ఆ పని అయిన నెలకే ఒక గురువారం ఉదయం ఎనిమిదింటికి బండ్లు ఎత్తుకుపోయే మున్సిపాలిటీ ట్రాక్టరు వచ్చింది. పాత్ర దించుకుంటానయ్యా అని నేను అడుగుతూనే ఉన్నాను, ఉడుకుతున్న ఇడ్లీ పాత్రతో సహా బండి ఎత్తేశారు. చట్నీ గిన్నె రోడ్డు మీద బోర్లా పడింది. ఆ పూట మా వరుసలో 14 బండ్లు పోయాయి. మూడో రోజు డబ్బు కట్టి తెచ్చుకున్నాం. రసీదు ఇవ్వలేదు. నా పొయ్యికి బర్నరు లేదు, రెండు స్టీలు బకెట్లు లేవు. "ఏమేం తీసుకొచ్చామో కాగితం చూపించమ్మా" అన్నారు. నా దగ్గర ఏ కాగితమూ లేదు. లోపల రిజిస్టరు తీసి చూస్తే వీధి వ్యాపారుల జాబితాలో అసలు నా పేరే లేదు.

ఎందుకు లేదో తర్వాత మా ఆర్‌పీ అక్క (పొదుపు సంఘాలు చూసే రిసోర్స్ పర్సన్) చెప్పింది. సర్వే వాళ్లు మా రోడ్డుకి పదకొండున్నరకు వచ్చారట. అప్పటికి టిఫిన్ బండ్లన్నీ ఇళ్లకు వెళ్లిపోయాయి. బజ్జీలు, పకోడీ, నూడుల్స్ బండ్లు సాయంత్రం ఐదు దాటితే గానీ రావు. ఆ వేళకు రోడ్డు మీద ఉన్నది కొబ్బరిబోండాలు, పండ్లు, చెప్పులు కుట్టే తాత, ఫోన్ కవర్ల కుర్రాళ్లు. వాళ్లనే రాసుకుని వెళ్లిపోయారు. 16 పేర్లు.

ఇప్పుడు నేను మా ఊరి టౌన్ వెండింగ్ కమిటీలో, అంటే వీధి వ్యాపారుల సంగతులు చూసే కమిటీలో సభ్యురాలిని. ఈ ఆరేళ్లలో ఏది ఎలా చేయాలో దెబ్బలు తిని నేర్చుకున్నాను. మీ ఊళ్లో కూడా రోడ్డు వెడల్పు చేస్తారు, మీ వీధికి కూడా ఏదో ఒక ప్లాను వస్తుంది. ప్లాను గీసేవాళ్ల చేతిలో మన పేరు ముందే ఉండాలి. చదవడం రాకపోతే పిల్లలతో చదివించుకుని వినండి.

ముందు తెలుసుకోవాల్సిన నాలుగు మాటలు

మనకు ఒక కేంద్ర చట్టం ఉంది. 2014 మే 1 నుంచి అమల్లో ఉన్న వీధి వ్యాపారుల చట్టం అది. దానికి చాలా ముందే, 1989లో సోదాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వీధిలో వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు కిందకే వస్తుందని చెప్పింది. అయితే ఫలానా చోటే కావాలనే హక్కు లేదని, ఎక్కడ ఎలా అన్నది ప్రభుత్వం నియమాలు పెట్టొచ్చని కూడా చెప్పింది. ఈ రెండో సగం కూడా గుర్తుంచుకోండి. ఆఫీసులో మొదటి సగమే మాట్లాడితే రెండో సగంతో మన నోరు మూయిస్తారు.

చట్టంలో మనకు అన్నిటికన్నా పనికొచ్చేది సెక్షన్ 3. ఊళ్లో ఉన్న వీధి వ్యాపారులందరినీ సర్వే చేయాలి. ఆ తర్వాత కనీసం ఐదేళ్లకోసారి మళ్లీ చేయాలి. సర్వే పూర్తయి అందరికీ వీధి వ్యాపారం చేసుకోవచ్చని సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ తీసేయకూడదు, వేరే చోటికి పంపకూడదు. ఆ చివరి మాట 3(3)లో ఉంది. ఈ నంబరు నోటికి రావాలి. నేను మా వరుసలో అందరికీ నేర్పించాను, పూలు అమ్మే ముసలమ్మతో సహా.

ఊరి జనాభాలో రెండున్నర శాతం దాకా వీధి వ్యాపారులకు చోటు చూపించాలని కూడా అందులోనే ఉంది. 80,000 మంది ఉన్న ఊరంటే 2,000 మంది. 4,000 జనాభా ఉన్న వార్డు అంటే 100 మంది. మీ వార్డు జనాభా ఎంతో సచివాలయంలోనో వార్డు ఆఫీసులోనో అడిగి లెక్క వేసుకోండి. "ఇంతమందికి చోటెక్కడిదమ్మా" అన్న ప్రశ్నకు ఈ లెక్కే జవాబు.

ఒకటి మాత్రం జాగ్రత్త. రైల్వే స్థలంలో ఉన్న బండికి ఈ చట్టం వర్తించదు. స్టేషను బయట అమ్ముకునేవాళ్లు తమ బండి నిలబడే నేల రైల్వేదా, మున్సిపాలిటీదా ముందు తేల్చుకోండి. పది అడుగుల తేడాలో చట్టమే మారిపోతుంది.

మన సర్వే మనమే చేసుకోవాలి

నా మాట విని ఈ ఒక్క పని చేసినా చాలు. మున్సిపాలిటీ సర్వే కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. ఒక నోటుబుక్కు కొనండి, పెద్ద సైజుది, గీతలున్నది. వీధిలో చదువుకున్న పిల్ల ఎవరైనా ఉంటే వెంట తీసుకెళ్లండి. మాకు జ్యూస్ బండి తమ్ముడి కూతురు దొరికింది, ఇంటరు చదువుతోంది.

మేం ఒకే రోజు మూడు సార్లు నడిచాం. పొద్దున్న ఆరున్నరకు 22 మంది ఉన్నారు. పదకొండున్నరకు 17 మంది. రాత్రి ఏడింటికి 31 మంది. రెండేసి వేళల్లో కనబడి రెండుసార్లు పడ్డ ఏడు పేర్లు తీసేస్తే 63. మున్సిపాలిటీ కాగితంలో 16 ఉన్న రోడ్డు అది. ఆ రెండు అంకెలు పక్కపక్కన రాసి చూపించినప్పుడు కమిషనర్ గారు కూడా కాసేపు మాట్లాడలేదు. మా గొడవలో మొదటిసారి ఎవరైనా మమ్మల్ని కూర్చోమన్నది ఆ రోజే.

మీ ఊళ్లో వారం సంత ఉంటే ఆ రోజు ఇంకోసారి నడవండి. చేపల గంప, ఆకుకూరల తట్ట, తల మీద బుట్ట పెట్టుకుని వీధులు తిరిగేవాళ్లు, సైకిలు మీద ఉప్పు అమ్మేవాళ్లు, అందరూ లెక్కలోకి వస్తారు. చట్టం ఒక చోట ఉండేవాళ్లకే కాదు, తిరిగి అమ్మేవాళ్లకూ సర్టిఫికెట్ ఇవ్వమంటుంది. తట్ట పెట్టుకుని కూర్చునే ఆడవాళ్లు "నాది వ్యాపారమేంటమ్మా, రెండు కట్టలు" అని పేరు చెప్పడానికి వెనకాడతారు. పక్కన కూర్చుని నచ్చజెప్పి రాయించండి. ముందుగా తోసేసేది వాళ్లనే.

ప్రతి పేరు ఎదురుగా ఇవి రాయండి: ఏం అమ్ముతారు, ఏ వేళ నుంచి ఏ వేళ దాకా, ఎన్నేళ్ల నుంచి, గుర్తు ఏమిటి (వేపచెట్టుకు ఎడమ, కరెంటు స్తంభం నంబరు, ఎదురు కొట్టు), బండి ఎన్ని అడుగులు. వేళలు రాయడం మర్చిపోవద్దు. నా చోటులోనే సాయంత్రం చికెన్ పకోడీ బండి నిలబడుతుంది. పన్నెండేళ్లుగా మా ఇద్దరికీ ఒక్క మాట తేడా రాలేదు. కాగితంలో వేళ రాయకపోతే ఒకే చోటికి ఇద్దరు పోటీ అన్నట్టు కనిపిస్తుంది. చట్టమే వేళలు పంచుకోవడాన్ని ఒప్పుకుంటుంది, కాబట్టి ధైర్యంగా రాయండి.

తర్వాత తాడు. పురికొస తీసుకుని 1.8 మీటర్ల దగ్గర ముడి వేయండి. కాలిబాట మీద నడిచేవాళ్లకు కనీసం అంత వెడల్పు ఖాళీగా ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. మేం బండి బండి దగ్గరా ఆ తాడు పట్టాం. తొమ్మిది చోట్ల సరిపోలేదు. అందులో ఒకటి నాదే, అట్ల పెనం వైపు బల్ల బయటకు వచ్చేది. ఆ బల్ల కోయించాను. చక్రాల కుర్చీలో కాలేజీకి వెళ్లే అమ్మాయి ఒకతి మా రోడ్డులో రోజూ వెళుతుంది. అంతకుముందు మా బండ్ల దగ్గరకు వచ్చేసరికి ఆమె కుర్చీ బస్సుల మధ్యకు దిగేది. ఆమెను అన్నాళ్లు చూస్తూ కూడా పట్టించుకోలేదే అని నాకు ఈనాటికీ బాధగా ఉంటుంది. మనకు చోటు అడిగేముందు నడిచేవాళ్లకు చోటు వదలాలి. ఇది కూడా రాసి జాబితాకు జత చేయండి: ఏ బండి ఎంత వెనక్కి జరిగిందో.

చివరికి ఒక మ్యాపు. ఇంజనీరు గీసినట్టు ఉండక్కర్లేదు. పాత క్యాలెండరు వెనక రోడ్డు రెండు గీతలు గీసి, చెట్లు, స్తంభాలు, గుడి, ఏటీఎం, మన చోట్లు నంబర్లతో పెడితే చాలు.

రుజువుల సంచి

ఆధార్, రేషన్ కార్డు అందరి దగ్గరా ఉంటాయి. ఆధార్‌కు ఇప్పుడు వాడే ఫోన్ నంబరే ఉండాలి, పాత నంబరు ఉంటే ముందు మార్పించుకోండి, లేకపోతే ఓటీపీ దగ్గర పని ఆగిపోతుంది.

ఇక్కడే ఉంటున్నాం అనడానికి అవి పనికొస్తాయి. ఇక్కడే అమ్ముకుంటున్నాం అనడానికి పనికొచ్చేది ఆశీలు చీటీ. తెలంగాణలో తైబజార్ అంటారు. రోజూ కాంట్రాక్టరు మనిషి చించి ఇచ్చే ఆ చిన్న చీటీని మనం అక్కడే నలిపి పారేస్తాం. పారేయొద్దు. నెలకు నాలుగైదు దాచినా చాలు. మిషను చీటీ అయితే ఎండకు అక్షరాలు మాసిపోతాయి, వెంటనే జిరాక్సు తీయించండి. చీటీ ఇవ్వకుండా డబ్బు తీసుకుంటుంటే చీటీ ఇస్తేనే ఇస్తానని చెప్పండి. ఒక్కరు చెబితే తిడతారు, వరుస మొత్తం ఒకే రోజు చెబితే చీటీ పుస్తకం బయటకు వస్తుంది. మాకు అలాగే వచ్చింది.

ఫోటోలు తీసుకోండి, తేదీ, చోటు పడేలా. మనిషి, బండి, వెనక ఏదో ఒక కదలని గుర్తు, మూడూ ఒకే ఫోటోలో ఉండాలి. పాత పెళ్లి ఊరేగింపు ఫోటోలో, వినాయక చవితి ఫోటోలో మీ బండి వెనకాల పడి ఉంటే అది బంగారం, వెతకండి. పాత చలాన్లు, గతంలో వేసిన జరిమానా కాగితాలు కూడా దాచండి. ఫలానా తేదీన మీరు అక్కడున్నారని మున్సిపాలిటీయే సంతకం పెట్టిన రుజువు అది.

అర్జీ

అందరి తరఫున ఒకటి, విడిగా ఎవరిది వాళ్లకు ఒకటి. మేం రాసింది ఇది, కావాలంటే ఇలాగే రాసుకోండి:

"కమిషనర్ గారికి. అయ్యా, మేము పాత బస్టాండు, రైతుబజారు మధ్య రోడ్డులో వీధి వ్యాపారం చేసుకుని బతుకుతున్న 63 మందిమి. మీ సర్వేలో మాలో 16 మంది పేర్లే ఉన్నాయి. 2014 వీధి వ్యాపారుల చట్టం సెక్షన్ 3 ప్రకారం మా రోడ్డులో ఉదయం 6 నుంచి 8, పగలు 11 నుంచి 1, సాయంత్రం 6 నుంచి 8 వేళల్లో మళ్లీ సర్వే చేయించి సర్టిఫికెట్లు ఇప్పించవలసిందిగా కోరుతున్నాము. అప్పటివరకు సెక్షన్ 3(3) ప్రకారం మమ్మల్ని తొలగించవద్దని మనవి. జత: జాబితా 4 పేజీలు, మ్యాపు, ఫోటోలు."

రెండు కాపీలు తీసుకెళ్లండి. తపాలు సెక్షన్‌లో (ఆఫీసులో అర్జీలు తీసుకునే చోట) ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో సీలు కొట్టించుకోండి. "సార్ టేబుల్ మీద పెట్టి వెళ్లండి" అంటే పెట్టొద్దు. సీలు లేని అర్జీ ఇవ్వని అర్జీతో సమానం. నేను మొదట రెండు అర్జీలు అలాగే పోగొట్టుకున్నాను.

నెల దాటినా కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేటుకు వెళ్లండి. ఆ రోజు అక్కడ జనం ఫిర్యాదులు తీసుకుంటారు. దాన్ని ఆంధ్రలో పీజీఆర్‌ఎస్ అంటున్నారు, తెలంగాణలో ప్రజావాణి. అక్కడ ఇచ్చే నంబరు దాచుకోండి. దాంతోపాటు సమాచార హక్కు కింద దరఖాస్తు వేయండి. పేదరికపు రేఖకు దిగువన ఉన్నట్టు కార్డు జత చేస్తే ఫీజు ఉండదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఊరికే "వివరాలు ఇవ్వండి" అని రాయకండి. మా వార్డులో సర్వే ఏ తేదీన ఏ వేళల్లో చేశారు, ఆ జాబితా నకలు, వెండింగ్ కమిటీ సభ్యుల పేర్లు, కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది, ఆ మీటింగుల మినిట్స్ (ఏం తీర్మానించారో రాసిన కాగితాలు) నకళ్లు, ఈ ఐదూ అడగండి.

సర్వే వాళ్లు వచ్చిన రోజు

ముందు రోజు రాత్రే కబురు చెప్పుకోండి. ఊరెళ్లినవాళ్లు ఉంటే పిలిపించండి. రాసేవాళ్లు ఏం రాశారో సంతకం పెట్టేముందు చదివించుకుని వినండి.

అక్కలూ, మీకు ఒక మాట. బండి నడిపేది మీరైతే పేరు మీదే రాయించండి. మా వరుసలో ముగ్గురు ఆడవాళ్లు నడిపే బండ్లకు మొగుళ్ల పేర్లు రాసేశారు, అడిగితే "ఇంటాయన పేరు చెప్పండి" అన్నారట. ఆ ముగ్గురిలో ఒకామె భర్త ఆమెను వదిలేసి వెళ్లిపోయాడు. ఆ సర్టిఫికెట్ కోసం ఆమె ఏడాదిపైన తిరిగింది. సర్టిఫికెట్ ఉన్న మనిషి చనిపోతే భార్యకో భర్తకో, లేదా ఆధారపడ్డ పిల్లలకో అది వస్తుందని చట్టంలో ఉంది. కానీ బతికుండి విడిపోతే అంత తేలిక కాదు.

ఒక మనిషికి మూడు బండ్లు ఉండి రోజు అద్దెకు ఇస్తుంటే అతని పేరు మీద మూడు రాయనివ్వొద్దు. చట్టం ప్రకారం బండి తానో తన ఇంటి మనిషో నడపాలి, సర్టిఫికెట్ అద్దెకివ్వకూడదు. అతను కొంచెం పెద్దమనిషి కావొచ్చు, మొహమాటం అడ్డొస్తుంది. కానీ అద్దెకు నడిపే పేదవాడి చోటు అతను తిన్నట్టే అవుతుంది.

ట్రాక్టరు రానే వస్తే

బండికి అడ్డంగా పడుకోకండి, ఎవరి మీదా చెయ్యి వేయకండి. ఒకరు ఫోన్లో వీడియో తీయాలి, ఒకరు మాట్లాడాలి, మిగతావాళ్లు పొయ్యిలు ఆర్పి సిలిండర్లు పక్కకు జరపాలి. ఎవరు ఏం చేయాలో ముందే అనుకోవాలి.

మాట్లాడేవాళ్లు మూడే అడగాలి. నోటీసు ఎక్కడ? ఖాళీ చేయమనాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సర్వే అయిందా? కాకపోతే 3(3). సామాన్లు పట్టుకెళుతుంటే జాబితా ఇవ్వండి. సెక్షన్ 19 ప్రకారం ఏమేం తీసుకున్నారో జాబితా మన చేతికి ఇవ్వాలి. మనం అడిగాక, కట్టాల్సిన రుసుము తీసుకుని, చెడిపోని సామాను రెండు పనిదినాల్లో, కూరగాయలు పండ్లలాంటివి అదే రోజు తిరిగివ్వాలి. వాళ్లు జాబితా రాయకపోతే మీరే అక్కడికక్కడ రాయండి: బర్నరు ఒకటి, స్టీలు బకెట్లు రెండు, పెనం ఒకటి. చుట్టూ ఉన్న ఇద్దరితో సంతకం పెట్టించి అదే రోజు తపాలులో ఇచ్చి సీలు తీసుకోండి. నేను ఆనాడు ఇది చేసి ఉంటే నా బర్నరు నాకు వచ్చేది.

సర్టిఫికెట్ ఉండి, దాని నియమాల ప్రకారం అమ్ముకుంటుంటే పోలీసులు కూడా ఆపకూడదని సెక్షన్ 27. లాయరు కావాలంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితం. ఫోన్ 15100.

కమిటీలో మన మనిషి

టౌన్ వెండింగ్ కమిటీకి కమిషనర్ గారు అధ్యక్షులు. సభ్యుల్లో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లను వీధి వ్యాపారులే ఓటేసి ఎన్నుకోవాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. మీ ఊళ్లో ఎన్నిక జరిగిందా, లేక ఎవరో పేర్లు రాసిచ్చారా అని అడగండి. సమాచార హక్కు జవాబులో ఇది తేలిపోతుంది.

మీటింగుకు వెళ్లినప్పుడు కష్టాలన్నీ ఏకరువు పెట్టడం నా మొదటి పొరపాటు. అందరూ తలలూపారు, మినిట్స్‌లో ఒక్క లైను పడలేదు. ఇప్పుడు ఒక మీటింగుకు ఒకటే అడుగుతాను, రాసి తీసుకెళతాను, మినిట్స్‌లో పడిందో లేదో చూసి గానీ లేవను. అలా మొదట పోరాడి సాధించింది మరుగుదొడ్డి. నవ్వేవాళ్లు నవ్వారు. తెల్లవారుజాము నుంచి పదిన్నర దాకా నీళ్లు తాగకుండా నిలబడే ఆడవాళ్లం మేం పదకొండు మందిమి. ఎందుకు తాగమో ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. రైతుబజారు వెనక ఉన్న తాళం వేసిన మరుగుదొడ్డిని ఉదయం ఐదింటికే తీయాలని తీర్మానం రాయించాను.

మమ్మల్ని ఊరి చివర కొత్త షెడ్లలోకి పంపుతామన్నప్పుడు కూడా నోటుబుక్కే కాపాడింది. జనం, అమ్మేవాళ్లు ఎన్నో ఏళ్లుగా కలిసే చోటును సహజ మార్కెట్ అంటుంది చట్టం, ప్లాను గీసేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోమంటుంది. మేం ఒక రోజు గంటగంటకూ మా రోడ్డులో ఆగి కొన్నవాళ్లను లెక్కపెట్టాం. షెడ్ల దగ్గర అదే వేళ ఎంతమంది నడుస్తున్నారో మరో ఇద్దరు లెక్కపెట్టారు. ఆ కాగితం చూశాక షెడ్ల మాట మళ్లీ ఎత్తలేదు.

అప్పు సంగతి

కాగితం చేతికి వచ్చాక పీఎం స్వనిధికి వెళ్లొచ్చు. వీధి వ్యాపారులకు అప్పు ఇప్పించే కేంద్ర పథకం అది, 2020 జూన్‌లో మొదలైంది. 2025 ఆగస్టులో మార్చాక మొదటి విడత 15,000, అది తీరిస్తే 25,000, ఆ తర్వాత 50,000. సమయానికి కడితే వడ్డీలో 7 శాతం రాయితీ ఖాతాలో పడుతుంది. తాకట్టు లేదు. సర్వేలో పేరు తప్పినవాళ్లు మున్సిపాలిటీ నుంచి సిఫారసు లేఖ తీసుకుని కూడా వెళ్లొచ్చు. తొమ్మిది వేలు చేతిలో పెట్టి రోజుకు వంద చొప్పున నూరు రోజులు కట్టించుకునే ఫైనాన్సు వాళ్ల దగ్గర నేను ఏడేళ్లు తీసుకున్నాను. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే ఆ వంద కోసం పక్క బండి దగ్గర చెయ్యి చాచేదాన్ని. ఆ పుస్తకం మూసేసిన రోజు ఇంటికొచ్చి తలంటు పోసుకున్నాను.

సర్టిఫికెట్ చేతికి వచ్చాక లామినేషన్ చేయించిన జిరాక్సు బండి డబ్బాలో ఉంచండి, అసలుది ఇంట్లో బియ్యం డ్రమ్ములో కాకుండా తడి తగలని చోట పెట్టండి. దాని మీద గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీకి రెండు నెలల ముందు క్యాలెండరులో ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టండి. మా వరుసలో అందరి తేదీలూ ఇప్పుడు ఆ నోటుబుక్కు ఆఖరి పేజీలోనే ఉన్నాయి. ఆ బుక్కు జ్యూస్ బండి తమ్ముడి కూతురి దగ్గర ఉంది, ఆమెకు ఇప్పుడు డిగ్రీ చివరి ఏడాది.